వార్ధక్యం, అధికారం, లోకజ్ఞానం

భారత రాజ్యాంగం ప్రజాప్రతినిధికి కనీస వయసును నిర్ణయించిందే తప్ప గరిష్ఠ వయసును నిర్ణయించలేదు. లోక్‌సభకు పోటీ చేయడానికి 25 ఏళ్లు, రాజ్యసభకు 30 ఏళ్లు, రాష్ట్రపతి పదవికి 35 ఏళ్లు నిండి ఉండాలని చెప్పిన ఆ రాజ్యాంగమే, హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్లకు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి 65 ఏళ్లకు పదవి నుంచి తప్పుకోవాలని విధించింది. చట్టానికి అర్థం చెప్పేవారికి విరమణ వయసు ఉండి, చట్టం చేసేవారికి లేకపోవడానికి సాధారణంగా చెప్పే సమాధానం ఒక్కటే: న్యాయమూర్తిని ప్రజలు దించలేరు, రాజకీయ నాయకుణ్ణి అయిదేళ్లకొకసారి దించగలరు, కనుక ఆయన శక్తి ఉడిగిందో లేదో తేల్చే పనిని పంచాంగానికి అప్పగించక ఓటరుకే వదిలిపెట్టారు. ఈ సమాధానం సబబైనదే. అయినా దేశ జనాభాలో దాదాపు సగం మంది 30 ఏళ్లలోపువారై ఉండగా, 2024లో ఎన్నికైన లోక్‌సభ సభ్యుల సగటు వయసు 56 ఏళ్లు కావడం చూసినప్పుడు, వయసు మళ్లిన నాయకులకు నేటి లోకం తెలియదనే ఆక్షేపణను తేలికగా తోసిపుచ్చడానికి వీలుండదు.

ఈ ఆక్షేపణ నిజమో కాదో తేల్చడానికి ముందు, అందులో కలగాపులగమైన రెండు విషయాలను విడదీయవలసి ఉంటుంది. మనిషి పుట్టినప్పటి నుంచి లెక్కించే దేహవయసు ఒకటి. అధికారం చేతికి వచ్చినప్పటి నుంచి, లేదా అధికారపు నీడలో పెరగడం మొదలైనప్పటి నుంచి లెక్కించే పదవీవయసు మరొకటి. చాలామంది నాయకులలో ఈ రెండూ కలిసే పెరుగుతాయి గనుక, రెండోదానికి చెందవలసిన నింద అనేకసార్లు మొదటిదాని మీద పడుతుంది. 60 ఏళ్ల వాడు నిన్ననే రాజకీయాల్లోకి వచ్చి ఉండవచ్చు. 30 ఏళ్ల వారసుడు పుట్టింది మొదలు అధికారుల నమస్కారాల మధ్యనే పెరిగి ఉండవచ్చు. వీరిలో ఎవరికి లోకం ఎక్కువ తెలుసునన్న ప్రశ్నకు జన్మపత్రిక జవాబు చెప్పలేదు. లోకం తెలియడమంటే ఎలాంటి జ్ఞానం, అది ఏ దారిన కలుగుతుంది, ఏ దారిన చెడుతుంది అనేవి తేలితే తప్ప వయసు పాత్ర ఎంతో తేలదు.

భారతీయ ధర్మశాస్త్రం వృద్ధులను గౌరవించమన్నదనే మాట అందరూ ఎరిగినదే గానీ, అధికారం విషయంలో అది చెప్పినది అంత సాదాగా లేదు. గృహస్థుడు తన ఒంటి మీద ముడతలను, తలలో నెరుపును, కొడుకు కన్న బిడ్డను చూసిన తరువాత అడవికి తరలిపోవాలని మనుస్మృతి ఆరో అధ్యాయం విధించింది. నాలుగు ఆశ్రమాలలో మూడోదైన ఈ వానప్రస్థం, అంటే ఇంటి పెత్తనాన్ని తరువాతి తరానికి అప్పగించి తపోజీవనంలోకి వెళ్లడం, రాజులకూ వర్తించింది. రామాయణంలో దశరథుడు సభను పిలిచి, తెల్లగొడుగు నీడలోనే తన దేహం జీర్ణించిందని చెప్పి రాముని పట్టాభిషేకానికి సమ్మతి కోరుతాడు. తన ఏలుబడిలో ప్రజలకు కొరతేమీ లేకున్నా ఆయన తప్పుకోదలచాడన్నది గమనించదగినది. అసమర్థుడైన తరువాత దిగిపోవడం వేరు, సమర్థుడిగా ఉండగానే దిగిపోదలచడం వేరు. రెండో పద్ధతినే ఆ కావ్యం రాజధర్మంగా చూపింది. ఇక ఆ అప్పగింత ఎంత కష్టమో, అంతఃపురం ఒక్క రాత్రిలో దాన్ని ఎలా తలకిందులు చేయగలదో కూడా ఆ కథే చూపింది.

మరో పక్క, నెరిసిన వెంట్రుకలకూ జ్ఞానానికీ విడదీయరాని సంబంధం ఉందన్న నమ్మకాన్ని ఆ గ్రంథాలే ప్రశ్నించాయి. మహాభారతం వనపర్వంలో అష్టావక్రుడు జనకుని యజ్ఞశాల వాకిట నిలబడినప్పుడు, ఇక్కడికి వృద్ధులకే గానీ బాలురకు ప్రవేశం లేదని ద్వారపాలకుడు అడ్డుకుంటాడు. తల పండినంత మాత్రాన పెద్దరికం రాదని, చదువుకున్నవాడే పెద్ద అని ఆ పిల్లవాడు వాదించి లోపలికి వెళ్లి, పేరుమోసిన పండితుణ్ణి ఓడిస్తాడు. పితృసమానులకు వేదం చెప్పి, వారిని బిడ్డలారా అని పిలిచిన అంగిరసుని కుమారుని కథను మనుస్మృతి చెప్పి, దేవతలు ఆ పిలుపును సమర్థించారని కూడా చేర్చింది. వయసు ఊరికే పండిపోయినవాడు వేరు, స్థవిరుడు, అంటే సత్యం చేతనూ సంయమం చేతనూ నిజమైన పెద్ద అయినవాడు వేరు అన్న భేదం బౌద్ధుల ధమ్మపదంలోనూ కనిపిస్తుంది. ఈ ఉదాహరణలన్నీ విద్యకు సంబంధించినవే గానీ పాలనకు సంబంధించినవి కావని ఒక అభ్యంతరం చెప్పవచ్చు. అది పూర్తిగా చెల్లదు. ద్వారపాలకుడు కాపలా కాసింది రాజు వాకిటినే.

గ్రీకు తాత్త్వికులకు ఈ ప్రశ్న మరింత ప్రత్యక్షంగా ఎదురైంది. ప్లేటో తన చివరి గ్రంథంలో చట్టాల సంరక్షకులు 50 ఏళ్లకు ముందు ఆ పదవికి రాకూడదనీ, 70 ఏళ్ల తరువాత అందులో ఉండకూడదనీ నియమం పెట్టాడు. స్పార్టా నగరంలో 60 ఏళ్లు దాటిన 28 మంది పెద్దలు ఇద్దరు రాజులతో కలిసి జీవితాంతం కొలువుతీరే సభను అరిస్టాటిల్ విమర్శిస్తూ, శరీరానికి ఉన్నట్లే బుద్ధికీ వార్ధక్యం ఉంటుందని ఎత్తిచూపాడు. మతసంస్థలలో కాథలిక్ సంఘం ఈ విషయమై స్పష్టమైన నియమాలు చేసుకుంది: బిషప్పులు 75 ఏళ్లకు రాజీనామా సమర్పించాలి, 80 ఏళ్లు నిండిన కార్డినళ్లకు పోప్ ఎన్నికలో ఓటు లేదని 1970లో ఆరవ పాల్ పోప్ శాసించారు. అప్పటికి 73 ఏళ్ల వయసున్న ఆ శాసనకర్త పోప్ పదవికి మాత్రం ఏ వయోపరిమితీ పెట్టలేదు. పరిమితులు రాసేవారు తమ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి కలం ఆపడం లౌకిక ప్రభుత్వాలకే పరిమితం కాదు. ఆ లోటును 2013లో పదహారవ బెనెడిక్ట్ తన 85 ఏళ్ల వయసులో స్వయంగా పదవి వదిలి కొంత పూరించారు.

లోకజ్ఞానం ఎలా కలుగుతుందన్న ప్రశ్నకు ఉపయోగపడే పరికరాలు భారతీయ తర్కశాస్త్రంలో ఉన్నాయి. తెలుగునాటివాడని పండితులు చెప్పే అన్నంభట్టు, ఇప్పటికీ సంస్కృత విద్యార్థులు మొదటగా చదివే తన తర్కసంగ్రహంలో, జ్ఞానాన్ని రెండుగా విభజించాడు. పూర్వం కలిగిన జ్ఞానం మనసులో వదిలిన ముద్రకు సంస్కారమని పేరు. కేవలం ఆ సంస్కారం నుంచే పుట్టే జ్ఞానం స్మృతి, అంటే జ్ఞాపకం. దానికి భిన్నమైనది అనుభవం. ప్రత్యక్షం, అనుమానం మొదలైన ప్రమాణాల వల్ల కొత్తగా కలిగే జ్ఞానమన్నమాట. నైయాయికులు, అనగా న్యాయదర్శనాన్ని అనుసరించినవారు, యథార్థమైన అనుభవాన్నే ప్రమ అన్నారు. స్మృతి ఎంత నిజమైనా దాన్ని ప్రమగా అంగీకరించలేదు. జ్ఞాపకానికి సొంత కాళ్లు లేవు. అది ఎప్పుడో జరిగిన అనుభవం మీద ఆధారపడి నిలుస్తుంది, ఆ తరువాత వస్తువు మారిందో లేదో అది చెప్పలేదు. 30 ఏళ్లుగా రాజకీయాలలో ఉన్న నాయకుడు తనకు పల్లె తెలుసునని చెప్పినప్పుడు, ఆయనకు తెలిసినది నేటి పల్లెయా, తాను తొలి ఎన్నికలో తిరిగిన పల్లెయా అన్న సందేహానికి ఈ విభజన పదునైన రూపం ఇస్తుంది. ఆ పల్లెలో అప్పుడు కరెంటు మోటారు అపురూపం కావచ్చు, ఇప్పుడు ప్రతి ఇంటి నుంచీ ఒకరు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ ఉండవచ్చు. నాయకుని హామీలు మాత్రం కరెంటు మోటారు దగ్గరే ఆగిపోయి ఉండవచ్చు.

ఇంతవరకూ చూస్తే తర్కశాస్త్రం యువకుల పక్షాన నిలిచినట్లే తోస్తుంది. అయితే ఆ శాస్త్రమే ప్రత్యభిజ్ఞ అనే మరో జ్ఞానాన్ని కూడా గుర్తించింది. ఎదుట ఉన్న మనిషిని చూసి, వీడు అప్పుడు చూసిన ఆ దేవదత్తుడే అని పోల్చుకోవడం ప్రత్యభిజ్ఞ. అందులో పాత సంస్కారమూ ఇప్పటి చూపూ రెండూ కలిసి పనిచేస్తాయి, అందుచేత దాన్ని ప్రత్యక్షంలోనే చేర్చారు. ముందెన్నడూ దేవదత్తుణ్ణి చూడనివాడికి ఈ పోల్చుకోవడం సాధ్యం కాదు. ఒకప్పుడు చూసి ఇప్పుడు కళ్లు మూసుకున్నవాడికీ సాధ్యం కాదు. పెద్ద వయసు పాలకుడు దేశానికి ఇవ్వగలిగిన విశేషమైన వరం ఏదైనా ఉంటే అది ఈ ప్రత్యభిజ్ఞే: వచ్చిన సంక్షోభాన్ని చూసి, ఇది ఫలానా పాత సంక్షోభమే కొత్త వేషంలో వచ్చిందనో, కాదు, ఇది మునుపెన్నడూ రానిదనో పోల్చగలగడం. దానికి షరతు ఒక్కటే, కళ్లు తెరిచి ఉండాలి.

పాలకునికి ఇంకొక ఇబ్బంది ఉంది. కోట్లాది మంది బతుకులను ఒక మనిషి తన కళ్లతో చూడలేడు గనుక, అతనికి తెలిసేదంతా చాలావరకు ఇతరుల మాటల వల్లనే తెలుస్తుంది. ఇలాంటి జ్ఞానాన్ని శాస్త్రం శబ్దప్రమాణమంది. ఆ మాట చెప్పేవాడు ఆప్తుడైతేనే అది ప్రమాణమవుతుంది. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లే చెప్పాలనే కోరికతో మాట్లాడేవాడు ఆప్తుడని న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు నిర్వచించి, ఈ లక్షణం ఋషికీ ఆర్యునికీ మ్లేచ్ఛునికీ సమానంగానే వర్తిస్తుందని చెప్పాడు. కొలువులో సంవత్సరాలు గడిచేకొద్దీ ఇలాంటి ఆప్తులు తగ్గిపోతారు. చేదు మాట చెప్పినవాడికి మరుసటి సారి ప్రవేశం దొరకదు, తీపి మాట చెప్పినవాడికి మంత్రి పదవి దొరుకుతుంది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో పని మీద వచ్చినవారిని వాకిట ఆపరాదని రాజుకు చెబుతూ, దర్శనం దొరకని రాజు చేత చుట్టూ ఉన్నవారు చేయవలసినదానికి విరుద్ధమైనది చేయిస్తారని హెచ్చరించాడు. ఆ కౌటిల్యుడే రాకుమారుని శిక్షణలో వృద్ధసంయోగం, అంటే పెద్దల సాంగత్యం తప్పనిసరి అన్నాడు. ఈ రెండు సూత్రాలను కలిపి చదివితే, పాలకుని అజ్ఞానానికి ఆయన కారణంగా చూపినది వయసును కాదని, మూసిన తలుపును అని తెలుస్తుంది.

తెలుగువారి సమీప చరిత్ర ఈ విచారణకు మంచి పరీక్షాస్థలం. 1982 ఫిబ్రవరిలో హైదరాబాదు బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి టి. అంజయ్య జనసందోహంతో, దండలతో స్వాగతం ఏర్పాటు చేసినందుకు 37 ఏళ్ల రాజీవ్ గాంధీ అందరి ముందూ ఆయనను కోప్పడ్డారు. అంజయ్య వయసు అప్పటికి 62. ఆల్విన్ కర్మాగారంలో కూలిగా మొదలై కార్మిక నాయకుడిగా ఎదిగిన మనిషి. విమానాశ్రయంలో ఆ హంగామా భద్రతకు అడ్డమన్న యువనేత వాదన ఆధునికమైనదీ, బహుశా న్యాయమైనదీ కూడా. కానీ ముఖ్యమంత్రి పదవిలో ఉన్న ఒక పెద్దమనిషిని బహిరంగంగా తూలనాడితే తెలుగువారి మనసు ఎలా గాయపడుతుందో ఆ యువనేతకు అంతుపట్టలేదు. అది పట్టుకున్నది, అప్పటికి 59వ ఏట నడుస్తున్న నందమూరి తారక రామారావు. మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించి, ఆత్మగౌరవమనే ఒక్క మాటను పట్టుకుని, మార్పులు చేయించిన షెవ్రొలే వ్యానులో ఊరూరా తిరిగి, అందులోనే నిద్రపోయి, దారి పక్కనే స్నానం చేసి, 1983 జనవరిలో ఆయన అధికారానికి వచ్చారు. రాజకీయాలలో ఆయన పదవీవయసు అప్పటికి ఏడాది కూడా లేదు. అదే మనిషి 1994లో 71 ఏళ్ల వయసులో మరోసారి ఘనవిజయం సాధించి, 1995 ఆగస్టులో తన శాసనసభ్యులే ఒక హోటలులో గుమిగూడి తన మీద తిరగబడేదాకా వారి మనసు పసిగట్టలేకపోయారు. రాష్ట్రంలోని జనం నాడి తెలిసిన నాయకునికి తన పక్క గదిలోని మాటలు వినబడలేదన్నమాట.

పి.వి. నరసింహారావు జీవితం ఇంతకన్నా లోతైన పాఠం. 1971 సెప్టెంబరు చివరలో ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు 50 ఏళ్లు. ఉద్యోగాలలో స్థానికులకు హక్కు కల్పించడానికి నిజాం కాలంలో ఏర్పడి, పదిహేనేళ్ల నివాసాన్ని అర్హతగా పెట్టిన ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, ఆయన దాన్ని అంతిమమైనదిగా స్వాగతిస్తూ చేసిన వ్యాఖ్య కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమానికి ఆజ్యం పోసింది. మంత్రులు రాజీనామా చేశారు, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. భూపరిమితి సంస్కరణలతో కలతచెందిన భూస్వాములు ఆ ఆందోళన వెనక ఉన్నారన్న వాదనలో నిజం లేకపోలేదు గానీ, తాను పాలిస్తున్న రాష్ట్రంలో సగభాగం ఏమనుకుంటున్నదో ముఖ్యమంత్రికి ముందుగా తెలియలేదన్నది మాత్రం మిగిలిపోతుంది. రెండు దశాబ్దాలు గడిచాయి. 1991లో ఆయన లోక్‌సభకు పోటీ చేయలేదు. ఢిల్లీ విడిచి వెళ్లే ఏర్పాట్లలో, ఒక విధంగా వానప్రస్థపు వాకిట ఉన్నారు. రాజీవ్ గాంధీ హత్య తరువాత జూన్ 21న ప్రధానమంత్రి అయిన వారం రోజులకు ఆయనకు 70 ఏళ్లు నిండాయి. విదేశీ మారకద్రవ్య నిల్వలు కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే చాలే స్థితిలో, జులై మొదటి మూడు రోజుల్లో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించి, జులై 24న కొత్త పారిశ్రామిక విధానంతో, తాను ఎదిగిన కాలమంతా నమ్మిన లైసెన్సుల వ్యవస్థను ఆయన ప్రభుత్వమే కూల్చింది. 60 దాటాక కంప్యూటరు నేర్చుకున్న మనిషి ఆయన. 51 ఏళ్ల వయసులో ఎదుట ఉన్నదాన్ని చూడలేకపోయినవాడు 70లో చూడగలిగాడు. వయసు పెరగడం చూపును చెరపలేదు, పదవి మీద ఆశ సన్నగిల్లడం దాన్ని కొంత శుభ్రపరచిందనడం అతిశయోక్తి కాకపోవచ్చు. అయితే ఆర్థిక వ్యవస్థను చదవడమూ ప్రజలను చదవడమూ ఒకటి కావు; 1994లో ఆయన సొంత రాష్ట్రంలో కాంగ్రెస్‌కు 294 స్థానాలలో 26 మాత్రమే దక్కాయి.

అత్యవసర పరిస్థితి కాలం ఈ చిత్రానికి మరో కోణాన్ని చేరుస్తుంది. 1974లో బిహారు విద్యార్థులు తమ ఉద్యమానికి నాయకుడిగా ఎంచుకున్నది 71 ఏళ్ల జయప్రకాశ్ నారాయణ్‌ను. 1976లో కుటుంబ నియంత్రణ పేరుతో బలవంతపు శస్త్రచికిత్సలకూ, ఢిల్లీలో పేదల ఇళ్ల కూల్చివేతలకూ చోదకుడిగా నిలిచిన సంజయ్ గాంధీకి 29 ఏళ్లు. మరుసటి ఏడాది అమేథీలో ఆయన ఓడిపోయేదాకా ఉత్తర భారతపు కోపం ఆయన చెవికి చేరలేదు. ఆ ఎన్నికలలోనే ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయన్నది వేరే సంగతి. లోకమంతా ఒకే లోకం కాదని అది గుర్తుచేస్తుంది. జయప్రకాశ్‌తో సమానంగా గాంధీమార్గాన నడిచిన వినోబా భావే ఉదాహరణ ఇక్కడ ప్రత్యేకంగా పరిశీలించదగినది. 1951 ఏప్రిల్ 18న, సాయుధ పోరాటంతో నెత్తురోడుతున్న తెలంగాణలో, 55 ఏళ్ల వినోబా కాలినడకన నల్లగొండ జిల్లా పోచంపల్లికి వచ్చి హరిజనవాడలో కూర్చుని, మీకేం కావాలని అడిగారు. వాళ్లు 80 ఎకరాలు కావాలన్నారు, మెట్ట సగం, తరి సగం. సర్కారుకు అర్జీ పంపేలోగా, ఊరివాళ్లలో ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన సభలో అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది. ఆ పల్లెకు ఏం కావాలో ఆయనకు తెలిసినది నివేదికల వల్ల కాదు, ప్రత్యక్షం వల్ల. అదే వినోబా 1970లో క్షేత్రసన్యాసం స్వీకరించి, అంటే ఒకే చోటును విడిచి కదలనని వ్రతం పట్టి, పౌనార్ ఆశ్రమంలో ఉండిపోయారు. అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు, మౌనంలో ఉన్న ఆయన అనుశాసన పర్వమని రాసి చూపిన మాటను ప్రభుత్వం తనకు సమర్థనగా ఊరూరా గోడల మీదికి ఎక్కించింది. ఆయన ఉద్దేశం అది కాదని, ఆచార్యుల అనుశాసనమే ఆయన చెప్పదలచినదని తరువాత వివరణలు వచ్చాయి గానీ, జైళ్లు నిండిన దేశంలో ఆ మాట ఎలా వినబడుతుందో ఆశ్రమపు గోడల లోపల తెలియలేదు. జయప్రకాశ్, వినోబా ఇద్దరూ వృద్ధులే; తిరిగినవానికి తెలిసినది, కదలనివానికి తెలియలేదు.

తెలుగు రాజకీయాలు ఆ తరువాత పాదయాత్రను ఒక క్రతువుగా మార్చుకున్నాయి. 2003 వేసవిలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా 1,400 కిలోమీటర్లకు పైగా నడిచిన వై.ఎస్. రాజశేఖరరెడ్డికీ, ఆయన చేతిలో 2004లో ఓడిపోయిన నారా చంద్రబాబు నాయుడికీ వయసులో ఏడాది తేడా కూడా లేదు. రైతుల కష్టం ఒకరికి తెలిసి మరొకరికి తెలియలేదని ఓటరు తీర్పు ఇచ్చాడంటే, అందులో వయసు ప్రసక్తి లేదు, తొమ్మిదేళ్ల పదవి ప్రసక్తి ఉంది. 2012, 2013లలో తానూ నడిచి తిరిగి అధికారానికి వచ్చిన చంద్రబాబు 2019లో ఓడిపోయారు. 3,600 కిలోమీటర్లకు పైగా నడిచి 175లో 151 స్థానాలు గెలిచిన జగన్‌మోహన్‌రెడ్డి, అయిదేళ్లు తిరిగేసరికి 51 ఏళ్ల వయసులో, 11 స్థానాల దగ్గర ఆగారు. గెలిచిన ప్రత్యర్థికి 74 ఏళ్లు. తీర్థయాత్రకు ఫలశ్రుతి ఉన్నట్లే ఈ యాత్రలకూ గెలుపు ఫలంగా వచ్చింది, కానీ యాత్రలో కలిగిన ప్రత్యక్షం గెలిచిన మరుసటి రోజు నుంచి స్మృతిగా మారడం మొదలవుతుంది. 40 ఏళ్ల వయసులో నడిచినా, 60లో నడిచినా ఈ క్షయం ఒకటే.

తెలియకపోవడం కన్నా కఠినమైన రోగం, తెలిసీ కదలకపోవడం. ధృతరాష్ట్రుడు గుడ్డివాడైనా అతనికి వార్తల లోటు లేదు. విదురుడు రాత్రంతా కూర్చుని చెప్పాడు, సంజయుడు యుద్ధభూమిని కళ్లకు కట్టించాడు. పుత్రమోహం వల్ల అతడు విన్నదాన్ని పనిలో పెట్టలేకపోయాడు. ఈ మోహాన్ని వార్ధక్యానికే అంటగట్టడం తేలిక గానీ, అది యౌవనంలోనూ కమ్ముకుంటుందని యామునాచార్యుల కథ చూపుతుంది. వైష్ణవ గురుపరంపర చెప్పే ఈ కథను శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విస్తరించాడు. పసితనంలోనే రాజసభలో వాదం గెలిచి రాజ్యభాగాన్ని పొందిన యామునుడు భోగంలో మునిగి, తన తాత నాథముని వారసత్వాన్ని మరచిపోయాడు. ఆయనను కలుసుకోవడానికి శ్రీరామమిశ్రునికి ద్వారం దొరకలేదు. అందుచేత ఆయన వంటవాళ్లను మంచి చేసుకుని, రాజుకిష్టమైన అలర్కశాకమనే ముళ్ల ఆకుకూరను రోజూ తెచ్చి ఇవ్వసాగాడు. అలవాటు పడ్డాక ఒకనాడు మానేశాడు. విస్తట్లో ఆ కూర కనబడక రాజు ఆరా తీస్తే తప్ప ఆ వృద్ధునికి దర్శనం కాలేదు. తాతగారు దాచిన నిధి రెండు నదుల నడుమ ఉందని చెప్పి ఆయన రాజును శ్రీరంగానికి, రంగనాథుని సన్నిధికి నడిపించాడు. వెళ్లబోయే ముందు యామునుడు కొడుక్కు చేసిన రాజనీతి బోధే ఆ కావ్యంలో ప్రసిద్ధమైన భాగం. ఇక్కడ లోకం తెలియకుండా పోయినది చిన్న వయసులో అధికారం దక్కినవాడికి, తెలియజేసినది వృద్ధుడు, చేరిన దారి వంటిల్లు. సామ్రాజ్యాధినేత అయిన కవి ఈ కథను ఇంత శ్రద్ధగా చెప్పడం, తన సొంత వాకిలి మీద ఉన్న కాపలాను ఎరిగే అనిపిస్తుంది.

ఇంత చెప్పినా వయసుకు బొత్తిగా పాత్ర లేదనడం సత్యం కాదు. దేహం అలసిన నాయకుడు తిరగలేడు, తిరగలేనివాడు ఇతరుల కళ్లతోనే చూడాలి. దానికన్నా బరువైన వాదం భవిష్యత్తుకు సంబంధించినది: నేడు చేసే అప్పును, నేడు తోడే భూగర్భజలాన్ని, నేడు వేడెక్కించే వాతావరణాన్ని 40 ఏళ్ల తరువాత భరించేవారు నిర్ణయాలు చేసే బల్ల దగ్గర లేరు. శుక్రుని శాపంతో ముసలితనం మీదపడిన యయాతి కొడుకులను ఒక్కొక్కరినే పిలిచి యౌవనం ఇమ్మని అడగడం, నలుగురు నిరాకరించగా పూరుడు ఇవ్వడం, వేయేళ్ల భోగం తరువాత కూడా కోరిక తీరదని గ్రహించి తండ్రి దాన్ని తిరిగి ఇచ్చివేయడం ఆదిపర్వంలోని కథ. పురాణంలో యయాతి తిరిగి ఇచ్చాడు; బడ్జెట్లలో వాడుకున్న యౌవనాన్ని తిరిగి ఇచ్చే ఏర్పాటు లేదు. ఈ అన్యాయానికి విరుగుడు వృద్ధులను వెళ్లగొట్టడం కన్నా యువకులను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టడంలో ఉంది. ఓటు వయసు 1989లో 21 నుంచి 18కి తగ్గింది గానీ పోటీ వయసు తగ్గలేదు. దాన్నీ 18కి తేవాలని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం చేసిన సిఫారసు ఆచరణకు రాలేదు. 18 ఏళ్ల యువతికి పాలకుణ్ణి ఎన్నుకునే వివేకం ఉండి, పాలకురాలిగా నిలబడే వివేకం లేదనడానికి సమర్థన దొరకదు.

కనుక వృద్ధ నాయకులు యువ నాయకుల కన్నా లోకానికి ఎక్కువ దూరమా అన్న ప్రశ్నకు, స్వతహాగా కాదనే సమాధానం చెప్పవలసి ఉంటుంది. దూరం పెంచేది కుర్చీలో గడిచిన కాలం, ఆ కాలంలో తగ్గిపోయిన ఆప్తులు, కొలువు గడప దాటని కాళ్లు. వయోపరిమితి పెడితే 70 ఏళ్ల పి.వి. వంటి నూతన దృష్టి పోతుంది, 30 ఏళ్ల వారసుని పాత దృష్టి మిగులుతుంది. ఆలోచించవలసినది పదవీకాలానికి పరిమితి, ముఖ్యంగా పార్టీల అధ్యక్ష పదవికి. ఎందుకంటే శాసనసభ్యుల నోరు తెరిపించేదీ మూయించేదీ అక్కడే. తెలుగుదేశం అధ్యక్షపదవి 1995 నుంచి ఒకరి చేతిలోనే ఉంది. తెలంగాణ రాష్ట్ర సమితిగా పుట్టి పేరు మార్చుకున్న పార్టీకి 2001 నుంచి ఒకరే అధ్యక్షులు. 2022లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీ తన అధినేతను జీవితకాల అధ్యక్షునిగా ఎన్నుకున్నట్లు వార్తలు వచ్చినప్పుడు, శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని చెప్పి, ఆ వార్తలను బహిరంగంగా ఖండించమని కేంద్ర ఎన్నికల సంఘం ఆ పార్టీని ఆదేశించింది. అప్పటికి ఆ అధినేత వయసు 49 ఏళ్లు.